టర్బో ఇంజిన్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పే పద్ధతి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మోటారు పని నేర్చుకొనే మన పిల్లలకు పుస్తకాల కొరత లేదు. అయితే ఆ పుస్తకాలు ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, షెడ్డులో మూడు భాషలూ కలిసిన మాట. ఈ మధ్యలో విషయం సగమే అర్థమై, మిగతా సగం బట్టీ పట్టడంతో సరిపోతోంది. అందుకే ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడులు చదువుతున్నవారికీ, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విద్యార్థులకూ పనికివచ్చేలా ఒక్క పనిని తీసుకొని తెలుగులో వివరంగా రాస్తున్నాను. టర్బో ఉన్న కారు ఇంజిన్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించడం ఈ పాఠం. అప్రెంటిస్ ఇంటర్వ్యూల్లో దీనిమీద ప్రశ్న తరచుగా వస్తుంది. నేనే పిల్లలను అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి.

ముందు ఆ భాగం ఏమిటో చూద్దాం. ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన గాలిని ఒక్కొక్క సిలిండర్‌కు పంచిపెట్టే గొట్టాల గుంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్. ఒక పెద్ద కాలువ నుంచి నాలుగు పిల్లకాలువలు చీలినట్టు ఊహించుకోండి. దీన్ని అల్యూమినియంతో గాని, గట్టి ప్లాస్టిక్‌తో గాని చేస్తారు. సిలిండర్ హెడ్‌కు ఒక పక్కన స్టడ్లు, బోల్టులతో బిగించి ఉంటుంది. రెంటి మధ్య గ్యాస్కెట్ ఉంటుంది. మన షెడ్లలో దాన్నే ప్యాకింగ్ అంటాం.

టర్బో లేని ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని తనే లాక్కోవాలి. టర్బో ఉన్నచోట సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుమీద అవతలి కొసన ఉన్న మరో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఓడలు, రైళ్ళు, లారీలు దాటి మన ఊరి టాక్సీల్లోకి రావడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. చిన్న కార్ల టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి చాలా బండ్లలో దాన్ని ఇంటర్‌కూలర్ గుండా పంపి చల్లార్చి, ఆ తర్వాతే మానిఫోల్డ్‌కు ఇస్తారు.

లెక్క చేసి చూస్తే బాగా తెలుస్తుంది. మన రోడ్లమీద ఎక్కువగా కనిపించిన డీజిల్ ఇంజిన్లలో ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్ ఒకటి. 2007 నుంచి మారుతి స్విఫ్ట్‌లోనూ, తర్వాత డిజైర్, ఇండికా విస్టా, పుంటోల్లోనూ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు మానేసింది గాని, పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. దాని ఘనపరిమాణం 1248 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి తీసుకుంటుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే 1000 సార్లు. అంటే టర్బో లేకపోతే ఎక్కువలో ఎక్కువ నిమిషానికి 1248 లీటర్ల గాలి. టర్బో ఆ గాలిని వాతావరణ పీడనానికి రెట్టింపు నొక్కి ఇస్తే అదే చోటులో ఇంచుమించు రెట్టింపు గాలి పడుతుంది. గాలి రెట్టింపైతే డీజిల్ కూడా ఎక్కువ కాల్చవచ్చు. చిన్న ఇంజిన్‌కు పెద్ద బలం ఇలా వస్తుంది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. హోసూరు సుమారు 900 మీటర్లు. మధ్య దూరం 50 కిలోమీటర్లు. శూళగిరి దగ్గర ఎక్కుడు బాగా తెలుస్తుంది. 900 మీటర్ల ఎత్తున గాలి పీడనం మద్రాసులో ఉన్నదానికంటే దాదాపు పదోవంతు తక్కువ. మంచి టర్బో ఈ లోటును తనే భర్తీ చేస్తుంది. కాని టర్బోకు, సిలిండర్‌కు మధ్య ఎక్కడో గాలి కారిపోతుంటే చదును రోడ్డుమీద బండి బాగానే ఉన్నట్టు కనిపించి, ఎక్కుడులో మొరాయిస్తుంది. అందుకే మా షెడ్డుకు వచ్చే బండ్లలో చాలా ఫిర్యాదులు ఒకే మాటతో మొదలవుతాయి: "శూళగిరి మెట్టలో లాగడం లేదు."

ఒక బండి గురించి చెబుతాను. కృష్ణగిరి నుంచి ఒక తమ్ముడు ఏడు సీట్ల డీజిల్ బండి తెచ్చాడు. బండి అప్పుమీద కొన్నది. బెంగళూరు విమానాశ్రయానికి బాడుగలు వేస్తూ వాయిదాలు కట్టుకొంటున్నాడు. మెట్టలో నల్లపొగ, పికప్ లేదు. అప్పటికే వేరేచోట చూపించాడు. "అన్నా, టర్బో పోయిందంటున్నారు, కొత్తది వేయాలట. నాలుగు నెలల వాయిదా అంత డబ్బు. పాపకు కాలేజీ ఫీజు కట్టే నెల ఇది" అన్నాడు. నేను టర్బో ముందరి హోస్ తీసి, చల్లారిన ఇరుసును వేళ్ళతో కదిపి చూశాను. పక్కలకు కొద్దిగా కదిలింది. అది నూనె పొరమీద తేలే ఇరుసు కాబట్టి అంత కదలిక సహజమే. ముందుకూ వెనక్కూ ఆట లేదు, చక్రం గోడకు ఒరుసుకున్న గుర్తులూ లేవు. టర్బో బాగానే ఉంది. కింద లైటు వేసి చూస్తే మానిఫోల్డ్ హెడ్‌ను కలిసేచోట, ఒక కొసన, నల్లని జిడ్డు చార కనిపించింది. గాలి అక్కడినుంచి బయటికి కొడుతోందన్నమాట. కొసనున్న రెండు నట్లు వదులు, ప్యాకింగ్ మూల తెగి ఉంది.

గమనించాల్సిన విషయం ఇదే. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌లో మానిఫోల్డ్ లోపల పీడనం బయటికంటే తక్కువ. అక్కడ సందు ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది. టర్బో ఇంజిన్ బరువు లాగేటప్పుడు లోపల పీడనం ఎక్కువ, కాబట్టి సందులోంచి గాలి బయటికి పోతుంది. ముందున్న సెన్సార్ గాలిని కొలిచి "ఇంత వచ్చింది" అని లెక్క చెబుతుంది. అందులో కొంత దారిలోనే కారిపోతుంది. డీజిల్ మాత్రం లెక్క ప్రకారం పడుతుంది. గాలి చాలక డీజిల్ సరిగా కాలదు, మసి అవుతుంది. నల్లపొగ అదే. కొన్ని బండ్లలో ఇ.సి.యు. తేడా పసిగట్టి డీజిల్ తగ్గించేస్తుంది. అప్పుడు పొగ ఉండదు, బలమూ ఉండదు.

సరే, ఇక పనిలోకి దిగుదాం. బండికీ బండికీ అమరిక వేరు. మీ ముందున్న ఇంజిన్‌కు తయారీదారుల మాన్యువల్ చూడందే చేయి పెట్టవద్దు. నేను చెప్పేది నాలుగు సిలిండర్ల కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లకు దాదాపుగా వర్తించే వరస.

ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వాలి. టర్బో ఇల్లు చాలాసేపు వేడిగా ఉంటుంది, తాకితే చర్మం ఊడివస్తుంది. తాళంచెవి తీసి, కొద్దిసేపు ఆగి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. ఆ ఆగే సమయంలో ఇ.సి.యు. తన పని ముగించుకొంటుంది, కామన్ రైల్‌లో పీడనమూ దిగుతుంది. ఆ పీడనం మాటల్లో చెబితే తెలియదు. కారు టైరులో గాలి సుమారు 2 బార్లు. కామన్ రైల్‌లో డీజిల్ 1300 నుంచి 1600 బార్లు, కొత్తవాటిలో ఇంకా ఎక్కువ. ఇంజిన్ తిరుగుతుండగా ఆ పైపును వదులు చేస్తే సన్నని ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి గుండుసూది గుచ్చినంత గాయమే. లోపల మాత్రం కండ కుళ్ళిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి "డీజిల్ ప్రెషర్‌తో ఎక్కింది" అని డాక్టరుకు చెప్పాలి. వేలు పోగొట్టుకొన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

తర్వాత పైపైన శుభ్రం చేయాలి. మన దారుల ఎర్రదుమ్ము, క్వారీల దగ్గరి తెల్లపొడి మానిఫోల్డ్ అంచుల్లో పేరుకొని ఉంటుంది. విప్పాక అది నేరుగా సిలిండర్‌లోకే రాలుతుంది. బ్రష్‌తో, గాలితో ఊది తీసేయండి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. మేము నేర్చుకొనే రోజుల్లో కాగితంమీద బొమ్మ గీసుకొనేవాళ్ళం. ఇప్పటికీ గీయమనే చెబుతాను. గీసేటప్పుడు చూసినంత బాగా ఫోటో తీసేటప్పుడు చూడం.

ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే పెద్ద హోస్ క్లాంప్ వదులు చేసి తీయండి. లోపల పలచని నూనె పొర ఉంటే కంగారు పడనక్కరలేదు. ఇంజిన్ ఊపిరి గొట్టం ద్వారా వచ్చే నూనె ఆవిరి అది. వంచితే నూనె ధారగా కారితే మాత్రం టర్బో సీలు సంగతి చూడాలి. అంత నూనెను ఇంటర్‌కూలర్‌లో వదిలేసి స్టార్ట్ చేస్తే డీజిల్ ఇంజిన్ ఆ నూనెనే ఇంధనంగా తాగి, తాళంచెవి తీసినా ఆగకుండా పరుగెత్తుతుంది. అప్పుడు గాలి దారి మూయడమో, గేరు బండి అయితే పెద్ద గేరులో వేసి బ్రేకు తొక్కి క్లచ్ వదిలి ఆపడమో చేయాలి. గాలి దారి మూయడానికి చేయి అడ్డం పెట్టకూడదు, చెక్కపలక వాడాలి.

సెన్సార్ల కనెక్టర్లు తీసేటప్పుడు లాక్ నొక్కి కనెక్టర్‌నే పట్టుకొని లాగాలి. వైరు పట్టి లాగితే లోపల పిన్ను ఊడుతుంది. ఆ లోపం కనిపెట్టడానికి రెండు రోజులు పడుతుంది. వ్యాక్యూమ్ గొట్టాలు రెండు ఒకేలా ఉంటే బట్టటేపుమీద 1, 2 అని రాసి రెండు కొసలకూ అంటించండి. ఈ.జి.ఆర్. వాల్వు మానిఫోల్డ్‌కే తగిలించి ఉంటే దాని పైపు బోల్టులు ముందు విప్పాలి. ఆ పైపుకు నీళ్ళ కూలర్ ఉంటే కూలెంట్ దించకుండా విప్పరాదు. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్ పైపులు కూడా అడ్డం వస్తాయి. వాటిని తీస్తే రెండు కొసలకూ వెంటనే మూతలు పెట్టాలి. వెంట్రుకలో సగం మందం దుమ్ము చాలు, ఇంజెక్టర్ పాడవడానికి. కొందరు తయారీదారులు ఆ పైపులను మళ్ళీ వాడవద్దని, కొత్తవే వేయమని చెబుతారు. మాన్యువల్‌లో అలా ఉంటే బేరం ఆడకండి.

ఇక మానిఫోల్డ్ నట్లు. వీటిని కొసల నుంచి మధ్యకు, ఒక్కొక్కటి అరచుట్టు చొప్పున, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. ఒక వైపు మొత్తం విప్పేసి రెండో వైపుకు వెళితే అల్యూమినియం వంపు తిరుగుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు జపాన్ బండ్లలో తరచు 12 నంబరు స్పానర్, యూరప్ బండ్లలో 13 నంబరు పడుతుంది. సరిపోని స్పానర్‌తో తల గుండ్రం చేయకండి. బోల్టుల పొడవులు వేర్వేరుగా ఉంటాయి. అట్టముక్కమీద మానిఫోల్డ్ ఆకారం గీసి, బోల్టు తీసిన చోటనే అట్టలో గుచ్చి పెట్టండి. పొట్టి బోల్టు చోట పొడుగుది వేస్తే అడుగు తగిలి, బిగిసినట్టే ఉంటుంది గాని ప్యాకింగ్ నొక్కుకోదు.

అన్నీ విప్పినా రాకపోతే? కొత్తవాళ్ళు ఇక్కడే స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పుతారు. అల్యూమినియం ముఖంమీద ఆ గాటు పడిందంటే ఇక జన్మలో గాలి ఆగదు. రాలేదంటే కంటికి కనిపించని బోల్టు ఒకటి ఉందని అర్థం. సాధారణంగా కింది వైపు ఒక బ్రాకెట్ ఉంటుంది. అద్దం, టార్చి తెచ్చుకొని వెతకండి. అన్నీ పోయాయని నిశ్చయమైతే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి, చాలు.

మానిఫోల్డ్ ఊడివచ్చిన క్షణంలో చేయాల్సిన మొదటి పని దాన్ని చూసి మురిసిపోవడం కాదు. హెడ్‌లో తెరుచుకున్న రంధ్రాలను మూయాలి. పెద్ద గుడ్డముక్కలతోనో, వెడల్పు టేపుతోనో. ఎన్ని గుడ్డలు పెట్టామో లెక్క రాసుకోవాలి. చిన్న బనియన్ వేస్ట్ ముక్కలు పెడితే లోపలికి జారిపోతాయి.

ఒక షెడ్డులో జరిగింది చెబుతాను, ఊరు పేరు వద్దు. రంధ్రాలు మూయకుండానే పైన ఎవరో నట్టు విప్పారు. అది జారింది. కింద పడిందనుకొని కొత్త నట్టు వేసి ముగించారు. సెల్ఫ్ కొట్టగానే పెద్ద చప్పుడు. 8 మిల్లీమీటర్ల నట్టు మందం సుమారు 6.5 మిల్లీమీటర్లు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్‌కూ మధ్య ఉండే సందు 1 మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ నట్టుకు చోటెక్కడిది? వాల్వులు వంగాయి, పిస్టన్ పగిలింది. నేరం అక్కడ పని నేర్చుకొంటున్న కుర్రాడిమీద పడింది. చదువులో చురుకైనవాడు, తండ్రి లేడు. నెలజీతం పోయిందని కాదు, సిగ్గుపడి ఆ పనే మానేశాడు. నట్టు లెక్క తక్కువైతే అది దొరికేదాకా ఇంజిన్ తిప్పరాదు. మేస్త్రీ తొందరపెట్టినా, బండి యజమాని అరిచినా సరే. అయస్కాంతంతో వెతకండి. అల్యూమినియం ముక్కలు అయస్కాంతానికి అంటవు కాబట్టి ఎండోస్కోప్ కెమెరా ఉంటే దానితో చూడండి. "నట్టు ఒకటి కనబడటం లేదన్నా" అని చెప్పే పిల్లవాడిని తిట్టే షెడ్డులో పని నేర్చుకోవద్దని నా సలహా.

ఇప్పుడు మానిఫోల్డ్ లోపల చూడండి. తారు లాంటి నల్లని ముద్ద పేరుకొని ఉంటుంది. కాలిన పొగలో కొంత భాగాన్ని ఈ.జి.ఆర్. తిరిగి లోపలికి పంపుతుంది. దానివల్ల మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. కాని ఆ పొగలోని మసి, ఊపిరి గొట్టం నుంచి వచ్చే నూనె ఆవిరి కలిసి ఈ ముద్ద అవుతుంది. నేను చెప్పిన కృష్ణగిరి బండిలో దారి సగానికి సగం మూసుకుపోయింది. దారి వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగోవంతే మిగులుతుందని లెక్కల్లో చదివే ఉంటారు. కొందరు ఈ బాధ లేకుండా ఈ.జి.ఆర్.కు రేకు అడ్డం కొట్టేస్తారు. డీజిల్ బండ్ల పొల్యూషన్ పరీక్షలో పొగ సాంద్రతే చూస్తారు కాబట్టి ఇది పట్టుబడదు. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం మన ఊపిరితిత్తుల్లోకే వస్తాయి. నేను కొట్టను, కొట్టమని అడిగినవారికి ఆ మాటే చెబుతాను.

శుభ్రం చేయడానికి కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇనుముకు ఫరవాలేదు గాని అల్యూమినియంను కాస్టిక్ తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది. రసాయనశాస్త్రంలో చదివిన సమీకరణమే ఇది. కార్బన్ క్లీనర్, నైలాన్ బ్రష్, ఓపిక, ఈ మూడూ చాలు. సెన్సార్లు, ప్లాస్టిక్ రెక్కలు ఉంటే ముందే తీసేయాలి. చివర గాలితో ఊది పూర్తిగా ఆరబెట్టాలి. లోపల ద్రవం నిలిచిపోతే సిలిండర్‌లోకి పోతుంది. ద్రవం నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హెడ్ వైపు రంధ్రాలు గీకేటప్పుడు ఆ సిలిండర్ వాల్వులు మూసి ఉన్నాయో లేదో చూసుకొని, రాలిన మసిని వ్యాక్యూమ్‌తో లాగేయాలి.

మానిఫోల్డ్ ముఖంమీద ఉక్కు స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్‌తో వంపు చూడండి. మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే కొత్తది వేయాల్సిందే. పాత ప్యాకింగ్ మళ్ళీ వాడరాదు. సిలికాన్ పూయడం మరీ తప్పు. మిగిలిన ముద్ద లోపలికి పిండుకొని ఊడిపడుతుంది. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. ఈసారి మధ్య నుంచి కొసలకు. ముందు చేత్తో, తర్వాత టార్క్ రెంచితో రెండు విడతలు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు చాలా ఇంజిన్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు ఉంటుంది. 25 సెంటీమీటర్ల పిడి కొసన 25 న్యూటన్ మీటర్లు రావాలంటే 100 న్యూటన్లు, అంటే సుమారు 10 కిలోల బరువంత నొక్కాలి. మన మేస్త్రీల చేతులు 30 కిలోలు నొక్కుతాయి! అల్యూమినియంలో మరలు ఊడేది అందుకే.

హోసులు తగిలించాక సబ్బునురుగు రాసి, తక్కువ పీడనంతో గాలి పెట్టి బుడగలు చూడండి. కూలెంట్ దించి ఉంటే నింపి గాలి తీసేయాలి. స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, డీజిల్ చెమ్మ, బుసబుస శబ్దం ఉన్నాయేమో చూడాలి. స్కానర్ పెట్టి పాత కోడ్లు చెరిపేసి, బూస్ట్ పీడనం అడిగినంత వస్తోందా అని గమనించాలి. తర్వాత బండిలో మనుషులను ఎక్కించుకొని రోడ్డుమీదికి పోవాలి. కృష్ణగిరి తమ్ముడి బండిని అలాగే శూళగిరి మెట్ట ఎక్కించాం. మూడో గేరుకు దించకుండా ఎక్కింది. ప్యాకింగ్, క్లీనర్, కూలెంట్, కూలి కలిపినా అతడికి చెప్పిన టర్బో ధరలో పదోవంతు కాలేదు. ఫీజు ఆ నెలలోనే కట్టాడు.

పాఠం అర్థమైందో లేదో చూసుకోవడానికి కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను. 2494 సి.సి. ఇంజిన్ నిమిషానికి 1800 చుట్లు తిరిగితే, టర్బో లేదనుకొంటే, ఎన్ని లీటర్ల గాలి కావాలి? విప్పేటప్పుడు కొసల నుంచి, బిగించేటప్పుడు మధ్య నుంచి ఎందుకు మొదలుపెడతాం? టర్బో తర్వాత గాలి కారే బండి ఖాళీగా పోయేటప్పుడు బాగుండి, ఎక్కుడులో ఎందుకు పొగ వేస్తుంది? పుస్తకం చూడకుండా మీ సొంత తెలుగులో రాసి, మీ ఐ.టి.ఐ. మాస్టారికి చూపించండి.